లిఫ్టు తాళం ఎవరి దగ్గరుంది?

అమ్మకు నీ పెద్దకూతురి నమస్కారాలు.

ఇక్కడ నేనూ మీ అల్లుడూ బాగున్నాం. నువ్వూ, తమ్ముడూ, మరదలూ బాగున్నారనీ, నీ మోకాళ్ళు మాత్రం బాగా లేవనీ తెలిసే రాస్తున్నాను. "క్షేమం క్షేమం అంటూ అరపేజీ నింపకు, ఉత్తరం వచ్చిందంటేనే క్షేమమని అర్థం" అని పోయినసారి తిట్టావు కాబట్టి ఆ ముక్క ఇంతటితో ఆపేస్తున్నాను.

నీ ఉత్తరం గురువారం పొద్దున అందింది. అందులో ప్రశ్నలు లెక్కపెట్టాను. పదిహేడున్నాయి. శాసనసభ సభ్యురాలినైన నేనే రోజుకు ఐదు ప్రశ్నలకు మించి ఇవ్వకూడదు. నీకు మాత్రం ఏ హద్దూ లేదు. అయినా అమ్మవు కాబట్టి వరసగా జవాబులు చెప్పుకొస్తాను.

వేళకు తింటున్నాను. సభ క్యాంటీన్‌లో కూర చప్పగా ఉంటుంది, అన్ని పార్టీల వాళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకునే విషయం అదొక్కటే. అద్దె ఇల్లు బాగానే ఉంది. వంటగది కుళాయి కారుతోందని రాశాను కదా, మీ అల్లుడు గడియారాలు బాగుచేసే చేత్తోనే దాన్నీ విప్పి బిగించాడు. ఇప్పుడు సెకనుకొక చుక్క, అటూ ఇటూ కాకుండా పడుతోంది. ఆయన దాన్ని వింటూ తృప్తిగా తలూపుతున్నాడు. నాకు జుట్టు రాలుతోందా అని అడిగావు, రాలుతోంది. పక్కింటావిడ అరువు తీసుకున్న జల్లెడ తిరిగి ఇచ్చిందా అని అడిగావు. ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నాకు నోట్లో నాలుక లేదని నువ్వు ఊరికే అనవు.

"సభలో మళ్ళీ ఎప్పుడు మాట్లాడతావు?" అన్నది నీ పదకొండో ప్రశ్న. దానికి జవాబు ఉంది, చివర్లో చెప్తాను. ముందే ఆ పేజీ తిప్పి చూడకు. చూస్తావని నాకు తెలుసు, అందుకే ఏ పేజీలో ఉందో చెప్పడం లేదు.

ఇక పన్నెండోది. "ఆ మంత్రిగారు పంపిన కాగితంలో 'ఉత్పన్నం కాదు' అని ఉందేమిటే, అంటే ఏమిటి, లిఫ్టు పుట్టదనా?" అన్నావు. దీనికి కాస్త వివరంగా రాయాలి. ఎందుకంటే నీకు చెప్పకుండా దాచిన సంగతి కూడా ఇందులోనే ఉంది.

నీకు తెలియంది కాదు. ముప్పై ఏళ్ళు నువ్వు నర్సుగా చేసిన మన ఊరి ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయి ఆరేళ్ళు దాటింది. ఎముకల వార్డు మూడో అంతస్తులో. నీ రెండు మోకాళ్ళకూ ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. తమ్ముడూ, వాడి స్నేహితులూ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామంటే నువ్వేమన్నావో నాకింకా గుర్తుంది. "నలుగురూ మోసే రోజు ఎలాగూ వస్తుంది, అప్పటిదాకా ఆగండ్రా" అన్నావు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నువ్వు గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళడం నేను చూశాను. సభకు వెళ్ళాక మొదట పట్టించుకునే పని ఆ లిఫ్టే అని ఆ రోజే అనుకున్నాను.

సభలో అడగడానికి రెండు దారులున్నాయి. నోటితో అడిగితే మంత్రి లేచి జవాబు చెప్తారు, నేనూ మైకు ముందు లేచి నిలబడాలి. రాసి అడిగితే ఎవరూ లేవక్కర్లేదు. కాగితం వెళ్తుంది, గడువులోగా కాగితం వస్తుంది, దాన్ని సభలో బల్ల మీద పెడతారు. పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని ఊరందరి అర్జీలూ రాసిపెట్టిన దాన్ని కదా, నాకు రెండో దారే నచ్చింది. ఓట్లు కూడా ఆ అర్జీలకే పడ్డాయి గానీ నా ఉపన్యాసాలకు కాదు.

మొదటి ప్రశ్న చాలా గంభీరంగా రాశాను. "దయనీయ స్థితిలో ఉన్న ఆసుపత్రి లిఫ్టు విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చినదా? వచ్చినచో తీసుకున్న చర్యలేమిటి? తీసుకోనిచో కారణాలేమిటి?" అని. ప్రశ్నల విభాగంలో ఒక పెద్దాయన ఉంటాడు. మేమందరం ఆయన్ని కత్తెరాయన అంటాం. మంత్రుల దగ్గరికి వెళ్ళే ప్రతి ప్రశ్నా ఆయన బల్ల దాటాలి. ప్రశ్నలో అభిప్రాయం ఉండకూడదు, వెటకారం ఉండకూడదు, ఊహ ఉండకూడదు. ఉంటే ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తాడు. నా ప్రశ్నలో "దయనీయ" అన్న మాట చూసి కళ్ళజోడు పైకెత్తి, "అమ్మా, జాలి పడాలా వద్దా అన్నది మంత్రిగారు చూసుకుంటారు. మీరు సంగతి అడగండి" అన్నాడు.

ఆ మాట కొట్టేసిన ప్రశ్నే వెళ్ళింది. నెల తర్వాత జవాబు వచ్చింది: "(అ) అవునండి. (ఆ) విషయం పరిశీలనలో ఉంది. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు." అంటే, పరిశీలిస్తున్నాం అన్నాక ఎందుకు చేయలేదని అడగడానికి వీల్లేదని అర్థమమ్మా. ప్రశ్న పుట్టకముందే దాని నోరు నొక్కేయడమన్నమాట. రెండోసారి మాటలు మార్చి అడిగాను, అదే జవాబు. మూడోసారి ఇంకా మార్చాను. ఈసారి వాళ్ళు కామా కూడా మార్చలేదు. గోడకు చెప్పుకున్నా గోడ కాస్త మారు పలుకుతుంది అనిపించింది.

నాలుగోసారికి ఏం జరిగిందో చెప్తాను. ఇక్కడే తప్పు జరిగింది. నువ్వు కూర్చుని చదువు.

ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం పారేస్తే కళ్ళు పోతాయని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. నువ్వేమో ఉత్తరాలు కాగితానికి ఒకవైపే రాస్తావు. అందుకని నా ప్రశ్నల చిత్తుప్రతులన్నీ నీ ఉత్తరాల వెనకవైపు రాసుకుంటాను. ఆ రోజు గడువు చివరి రోజు. నాలుగోసారి మార్చి రాసిన లిఫ్టు ప్రశ్నతో కలిపి ఐదు కాగితాలు టైపిస్టుకు ఇచ్చాను. నా చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి మనిద్దరి దస్తూరీ ఒకటే. లిఫ్టు కాగితానికి ఒకవైపు నా ప్రశ్న, రెండోవైపు నీ ఉత్తరంలో మూడో పేజీ. రెండువైపులా లిఫ్టే, రెండువైపులా ప్రశ్నలే. ఏ వైపు టైపు చేయాలో ఆవిడకు అర్థం కాలేదు. "రెండోవైపుదే సూటిగా ఉంది కదా అని అదే సభ ప్రశ్నల మూసలో పెట్టి చేశానండీ" అంది తర్వాత. సభ గంట మోగుతుంటే టైపు చేసిన ఐదు ప్రతుల మీదా చదవకుండా సంతకాలు గిలికేసి పరుగెత్తాను.

మూడో రోజు, అనుమతించిన ప్రశ్నల జాబితా అచ్చయి చేతికొచ్చింది. నా పేరు కింద ఇలా ఉంది: "ఆరోగ్య శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా: (అ) ఆసుపత్రి లిఫ్టు తాళం ఎవరి దగ్గర ఉన్నది, (ఆ) దానిని చివరిసారి తిప్పినది ఎవరు, ఏ రోజున, (ఇ) తిప్పినప్పుడు లిఫ్టు కదిలినదా, లేదా, (ఈ) కదిలినచో, దానిని ఆపినది ఎవరు?"

చదవగానే నా కాళ్ళ కింద నేల కదిలినంత పనయింది. అది నువ్వు తమ్ముడి మీద కోపంతో రాసిన పేజీ అమ్మా. "లిఫ్టు పాడైంది పాడైంది అంటాడే గానీ, ఆ తాళం ఎవరి దగ్గరుందో వాడికి తెలుసా?" అని మొదలుపెట్టావే, అదే. రాష్ట్రంలోని పెద్దలందరి ముందూ మా అమ్మ కోపం అచ్చయి కూర్చుంది.

పరుగున కత్తెరాయన దగ్గరికి వెళ్ళాను. "పొరపాటు జరిగిందండీ, ఇది నా ప్రశ్న కాదు, మా అమ్మ ఉత్తరం. వెనక్కి తీసుకుంటాను" అన్నాను.

ఆయన తొణకలేదు, బెణకలేదు. "నాకు తెలుసమ్మా" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"చివర్న ఇంకో ముక్క ఉంది. '(ఉ) నువ్వు వేళకు తింటున్నావా?' అని. అదొక్కటే కొట్టేశాను. అది ఏ మంత్రి పరిధిలోకీ రాదు."

ఆయన సొరుగులోంచి నా పాత ప్రశ్నలు మూడూ తీసి నీ ప్రశ్న పక్కన పరిచాడు. "ఇవి చూడండి. 'దృష్టికి వచ్చినదా' అంటే 'వచ్చింది' అంటారు. 'చర్యలేమిటి' అంటే 'పరిశీలన' అంటారు. ఈ జవాబులు రాయడానికి కుర్చీలోంచి ఎవరూ లేవక్కర్లేదు. ఇదిగో, ఈ ప్రశ్నకు జవాబు రాయాలంటే మాత్రం ఎవరో ఒకరు లేచి, వెళ్ళి, తాళం వెతకాలి. ముప్పై నాలుగేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. కత్తెర పెట్టడానికి చేతులు రాని ప్రశ్న ఇదొక్కటే చూశాను. వెనక్కి తీసుకోవాలంటే ఐదు గంటల దాకా టైముంది. మీ ఇష్టం."

నేను ఆ వరండాలో బెంచీ మీద కూర్చుని ఆలోచించాను. చిన్నప్పుడు నువ్వు "పాలు తాగావా?" అని ఎప్పుడూ అడిగేదానివి కావు. "గ్లాసు ఎక్కడ పెట్టావు?" అని అడిగేదానివి. పాలు తాగావా అంటే తాగానని బొంకొచ్చు. గ్లాసెక్కడ అంటే తాగి తీరాలి, లేదా దొరికిపోవాలి. "చదువుకున్నావా?" అనేదానివి కాదు, "ఏ పేజీ దాకా వచ్చావు?" అనేదానివి. నాన్నను కూడా అంతే కదా. "గొడుగు తెచ్చారా?" అని కాదు, "గొడుగు ఏ కొట్లో వదిలేశారు?" అని. ఆయన తల గోక్కుని నేరుగా వెనక్కి వెళ్ళి తెచ్చుకునేవారు. ఇంత చదువు చదివి, ఇన్ని అర్జీలు రాసి, మన ఇంట్లో రోజూ విన్న విద్యను నేను గుర్తుపట్టలేదు. ఐదు గంటలు కొట్టేదాకా అక్కడే కూర్చుని, తర్వాత ఇంటికి వచ్చేశాను. మీ అల్లుడికి చెప్తే, ఆయన భూతద్దం కంటికి పెట్టుకునే, "అత్తయ్యగారి ప్రశ్న కదా, ఎక్కడో అక్కడ తగిలే ఉంటుందిలే" అన్నాడు.

తగిలింది. మంత్రిగారి కార్యాలయం శాఖ పెద్దలను అడిగింది, వాళ్ళు ఆసుపత్రిని అడిగారు, ఆసుపత్రి స్టోరును అడిగింది. "పరిశీలనలో ఉంది" అని రాయడానికి లేదు, తాళం పరిశీలనలో ఉండదు కదా! చివరికి ఎవరో పాపం నిజంగానే లేచి అల్మరా తెరిచారు. గురువారం నాడు సభలో పెట్టిన జవాబు నీకోసం ఇక్కడ ఎత్తిరాస్తున్నాను, తమ్ముడి చేత గట్టిగా చదివించుకో: "(అ) స్టోరు సూపరింటెండెంటు అల్మరాలో, అంటించిన కవరులో ఉన్నది. (ఆ) లిఫ్టు మెకానిక్కు, నాలుగేళ్ళ కిందట, ఒక గురువారం నాడు. (ఇ) కదిలినది. (ఈ) ఎవరూ ఆపలేదు."

అవునమ్మా, ఎవరూ ఆపలేదు. లిఫ్టు నాలుగేళ్ళ కిందటే బాగైంది! అప్పగింత కాగితం మీద భవనాల శాఖ సంతకం చేస్తే తాము చేద్దామని ఆసుపత్రి వాళ్ళు, ఆసుపత్రి చేస్తే తాము చేద్దామని భవనాల శాఖ వాళ్ళు ఎదురుచూస్తూ కూర్చున్నారు. ముందు మీరంటే ముందు మీరని ఇంత మర్యాద నేను పెళ్ళిపందిళ్ళలో కూడా చూడలేదు. కింద ఇంకో వాక్యం ఉంది: "ప్రశ్న అందిన పిమ్మట సంతకాలు చేయించి, తాడు మార్పించి, తనిఖీ జరిపించి, ఈ సోమవారం నుండి లిఫ్టును నడుపుతున్నాము." ఆ సోమవారం సంగతి నాకంటే ముందు నీకే తెలుసు. తమ్ముడు నిన్ను ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్ళి చూపించాడట. నీతో పనిచేసిన ఆయమ్మ అందులో నాలుగుసార్లు పైకీ కిందికీ తిరిగి వచ్చింది అని రాశావు.

నేను సభలో గర్జించి లిఫ్టు నడిపించానని మన వీధంతా చెప్పుకుంటున్నారని కూడా రాశావు. చెప్పింది నువ్వే అయి ఉంటావు. అందుకే ఇక దాచకూడదు.

అమ్మా, నేను సభలో గర్జించలేదు. పద్నాలుగు నెలల్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మొదటి సమావేశాల్లో బ్రహ్మాండంగా మాట్లాడాననీ, అందరూ బల్లలు చరిచారనీ నీకు రాశాను చూడు, అది అబద్ధం. మాట్లాడింది బాత్‌రూములో అద్దం ముందు. చరిచింది మీ అల్లుడు, అదీ తలుపు, త్వరగా బయటికి రమ్మని. మైకు చూస్తే నాకు భయం, రాసుకొచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంటాను. ఇక్కడ నాకు "మౌనమ్మ" అని పేరు కూడా పెట్టారు. నువ్వు ఆ ఉత్తరాన్ని వీధిలో అందరికీ చదివి వినిపించావని తెలిశాక నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు. నన్ను క్షమించు.

తిట్టడం అయిందా? అయితే ఇప్పుడు పదకొండో ప్రశ్నకు జవాబు విను.

గురువారం ఆ జవాబు బల్ల మీద పెట్టాక ఆరోగ్య మంత్రిగారు వేరే విషయం మాట్లాడటానికి లేచారు. పెద్దాయన, సరదా మనిషి. మాట్లాడుతూ మధ్యలో ఆగి నావైపు తిరిగి, "అధ్యక్షా, ఒక తాళం గురించి మా శాఖ మొత్తాన్ని పరుగెత్తించిన ఆ సభ్యురాలు ఇంత చక్కని ప్రశ్న రాయడం ఎక్కడ నేర్చుకున్నారో చెప్తే, మా అధికారులు కూడా వెళ్ళి నేర్చుకుంటారు" అన్నారు. అధ్యక్షులవారు నన్ను చూశారు. సభంతా చూసింది. నా ముందు మైకు దీపం వెలిగింది.

లేచాను. సంచిలో ఆ పొద్దునే వచ్చిన నీ ఉత్తరం ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "ఆ ప్రశ్న నాది కాదు అధ్యక్షా, మా అమ్మది" అన్నాను.

సభ ఘొల్లుమంది. ఈసారి నిజంగానే బల్లలు చరిచారమ్మా, ఆ పక్కవాళ్ళూ ఈ పక్కవాళ్ళూ అందరూ. అధ్యక్షులవారు నవ్వు ఆపుకుంటూ, "మీ అమ్మగారికి ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగారు.

"పదిహేడున్నాయి అధ్యక్షా" అన్నాను.

అదీ నేను సభలో చేసిన మొదటి ప్రసంగం. సభా నివేదికలో అచ్చయింది, పేజీ దీంతో జత చేశాను. నువ్వు రాసినదాన్ని నాదిగా చెలామణీ చేయకుండా తప్పించుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మా అమ్మ అడగడమే పెట్టిందని మీ అల్లుడితో చెప్పి రెండు రోజులుగా ఒకటే నవ్వుకుంటున్నాను. కత్తెరాయన ఆ సాయంత్రం ఎదురొచ్చి, "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. కొట్టేసిన ముక్కకు మాత్రం సారీ చెప్పండి" అన్నాడు. మరో రెండు నెలల్లో ఆయన రిటైరు అవుతున్నాడు. ఆ ఎర్ర పెన్సిలు నాకిస్తానన్నాడు.

ఇంత సంతోషంలోనూ నీ ఉత్తరంలో ఒక వాక్యం నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. లిఫ్టు నడుస్తోంది కదా, ఇక ఆపరేషనుకు వెళ్దామని తమ్ముడంటే, "నాలుగు రోజులు నడవనీ, చూద్దాం" అన్నావట. చూద్దామా? ఇది "పరిశీలనలో ఉంది" కాకపోతే మరేమిటమ్మా? లిఫ్టు వంకతో రెండేళ్ళు గడిపావు. ఆ వంక నువ్వే ప్రశ్న రాసి పోగొట్టుకున్నావు. వెయ్యి మందికి ఆపరేషను ముందు చేయి పట్టుకుని ధైర్యం చెప్పిన నర్సువి, నీ వంతు వచ్చేసరికి భయపడుతున్నావు. పరవాలేదు. నేనూ పద్నాలుగు నెలలు అలాగే భయపడ్డాను. నీ ఉత్తరం చేతిలో ఉంటే లేచి నిలబడగలిగాను. నువ్వు కూడా లేచి నిలబడాలి, గోడ పట్టుకోకుండా. నాకు నువ్వు అలా నడుస్తుంటే చూడాలని ఉంది.

అందుకని "ఆపరేషను చేయించుకుంటావా?" అని అడగను. అలా అడిగితే ఏం జవాబిస్తావో నాకు తెలుసు. నీ దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే అడుగుతున్నాను.

రాతప్రశ్న. మా అమ్మ దయచేసి తెలియజేస్తారా:

(అ) ఆపరేషనుకు డాక్టరు దగ్గర ఏ తేదీ రాయించుకున్నావు;

(ఆ) ఆ రోజు లిఫ్టులో నీ కుడిపక్కన ఎవరు నిలబడాలి, నేనా, తమ్ముడా;

(ఇ) మూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే మొదట ఎవరిని తిడతావు;

(ఈ) నువ్వు వేళకు తింటున్నావా?

గడువు పది రోజులు. సభ పదకొండో రోజున ముగుస్తుంది, సంచి సర్దుకునే కూర్చుంటాను. నాలుగో ముక్క కొట్టేసే కత్తెర ఈ ఇంట్లో లేదు.

ఇట్లు,
నీ ప్రశ్న కింద సంతకం మాత్రమే చేసిన
నీ పెద్దకూతురు